పాలరాపు గుట్ట: రాబందులు లేవకముందే లెక్క

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో, పెద్దవాగు పక్కన పాలరాపు గుట్ట ఉంది. ప్రాణహిత దాటితే మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా. అక్కడి సిరొంచ తాలూకాలోనూ చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగే. 2013లో ఈ గుట్ట చరియల మీద పొడవుముక్కు రాబందుల గూళ్లు బయటపడ్డాయి.

ఆ పక్షులను లెక్కపెట్టాలంటే అటవీశాఖ అనుమతి తీసుకుని, వెలుతురు రాకముందే అక్కడికి చేరాలి. ఐదారు కిలోల పక్షి రెండు మీటర్లకు పైగా సాగే రెక్కలు ఆడిస్తూ పైకి లేవాలంటే ఒళ్లు అలిసిపోతుంది. అందుకని నేల కాగి వేడిగాలి లేచేదాకా చరియ మీదే కూర్చుంటుంది. ఆ గాలి దొరికిందంటే రెక్క కదపకుండా గుండ్రంగా తిరుగుతూ పైకెళ్లి, కిలోమీటర్ల దూరం జారిపోతుంది. ఆలస్యంగా వచ్చినవాళ్లకు రాతి మీద తెల్లటి రెట్ట చారలే మిగులుతాయి. అవీ పనికొచ్చేవే. చార చిక్కగా ఉన్నచోట, దాని పైఅంచున గూడో, రోజూ వాలే చోటో ఉంటుంది.

8×42 బైనాక్యులర్స్ చాలు, అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేవి, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు. 500 మీటర్ల దూరంలోని గూడు అందులో 60 మీటర్ల దగ్గరికి వచ్చినట్టుంటుంది. పిల్ల ఉందో లేదో తేల్చుకోవాలంటే మాత్రం ట్రైపాడ్ మీద టెలిస్కోప్ కావాలి. ఎండ ముదిరాక రాయి మీది గాలి అలలు అలలుగా కదిలి బొమ్మ చెదురుతుంది. అప్పుడు రెట్లు పెంచితే ఇంకా మసకబారుతుంది, తగ్గించాలి.

ఎక్కువమంది తప్పేది లెక్కలోనే. ఏడింటికి ఆరు, ఎనిమిదింటికి తొమ్మిది కనబడితే పదిహేను అని రాసేస్తారు. ఆ తొమ్మిదిలో మొదటి ఆరూ ఉండొచ్చు. ఒకే క్షణంలో కనబడినవాటిలో పెద్ద సంఖ్యనే రాయాలి, ఇక్కడ తొమ్మిది. చరియను ముక్కలుగా అనుకుని ఎడమ నుంచి కుడికి ఒక్కసారి చూసుకుంటూ పోతే తడబాటు తగ్గుతుంది. పక్షి కూర్చుని ఉంటే గుడ్డు ఉన్నట్టు కాదు. గూటిలో గుడ్డో పిల్లో కంటబడితేనే అలా రాయాలి.

ఇంత పట్టింపు ఎందుకంటే, జంట ఏడాదికి పెట్టేది ఒక్క గుడ్డే. పొదగడానికి సుమారు 50 రోజులు పడుతుంది, పిల్ల ఎగరడానికి మరో మూడు నాలుగు నెలలు. దగ్గరికి వెళ్లినా, డ్రోన్ ఎగరేసినా పొదిగే పక్షి లేచిపోతుంది. గుడ్డు ఎండకు పాడవుతుంది, లేదా కాకుల పాలవుతుంది. ఆ ఏడు ఇక అంతే.

మన దేశంలో ఈ జాతి నూటికి 95కు పైగా తరిగిపోయింది. పశువుల నొప్పికి వాడిన డైక్లోఫెనాక్ కళేబరం ద్వారా రాబందు ఒంట్లో చేరి మూత్రపిండాలను చెడగొడుతుంది. యూరిక్ ఆమ్లం లోపలి అవయవాల మీద సున్నంలా పేరుకుని, పక్షి రోజుల్లో చనిపోతుంది. పశువులకు ఈ మందు వాడకాన్ని 2006లో నిషేధించారు. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు కొట్టాలకు చేరుతుండటంతో, 2015లో ఇంజెక్షన్ సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించారు. ఎసిక్లోఫెనాక్ అనే మరో నొప్పి మందు కూడా ఆవు ఒంట్లో డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. దాన్నీ, అలాంటి ఇంకో మందు కీటోప్రోఫెన్‌నూ పశువైద్యంలో వాడకుండా 2023లో ఆపారు. అడవి అంచు పల్లెల్లో ఎద్దుకు నొప్పి మందు వేయించేటప్పుడు మెలోక్సికామ్ అడగండి, అది రాబందులకు హాని చేయదు. వేసిన మందేదో తెలియని పశువు చనిపోతే బయట పారేయకుండా లోతుగా పూడ్చండి.