సినిమా మీద రాసిన తెలుగంతా ఎక్కడికి పోయింది?

పాత తెలుగు సినిమా ఒకటి చూసి, దాని గురించి ఎవరైనా మంచి వ్యాసం రాశారేమోనని నెట్‌లో వెతకండి. యూట్యూబ్ థంబ్‌నెయిళ్లు, ‘షాకింగ్ నిజాలు’ అనే శీర్షికలు, ఏ ఓటీటీలో ఉందో చెప్పే రెండు పేరాలు వస్తాయి. కూర్చుని చదువుకునే రాత దొరకడం కష్టం. మనవాళ్లు రాయక కాదు, బోలెడు రాశారు. రాసింది వెతికితే దొరకని పరిస్థితి మనకు రావడం ఇది రెండోసారి.

మొదటిసారి అడ్డం పడింది ఫాంటు. 1990ల మొదట్లో అమెరికా యూనివర్సిటీల్లో ఉన్న తెలుగువాళ్లు ఇంటర్నెట్ చర్చా వేదికలైన న్యూస్‌గ్రూపుల్లో కబుర్లాడుకునేవాళ్లు. తెలుగు లిపి వాడే వీల్లేదు కాబట్టి ఇంగ్లిష్ అక్షరాలతోనే నెట్టుకొచ్చారు. రైస్ యూనివర్సిటీలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతి ఆ రాతకు ఒక క్రమం తెచ్చింది: చిన్న ‘టీ’ కొడితే త, పెద్ద ‘టీ’ కొడితే ట.

ప్రపంచ భాషల అక్షరాల్లో ఒక్కోదానికి ఒక్కో సంఖ్య కేటాయించే ప్రమాణం యూనికోడ్. అందులో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. కానీ మామూలు ఇంట్లో కంప్యూటర్‌కి అది చేరింది 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చాకే. ఈలోపు పత్రికలు నెట్‌లోకి వచ్చేశాయి, ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చిన ఫాంట్లతో, ఎవరి ఫాంటు వాళ్లది. తెర మీద చక్కటి తెలుగు కనబడేది. అందులో ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే డాలరు గుర్తులు, బ్రాకెట్లు, నెత్తిన చుక్కలున్న యూరప్ అక్షరాలు వచ్చి పడేవి. సెర్చ్ ఇంజన్‌కి కనబడేదీ ఆ గజిబిజే. సినిమా రివ్యూలు, ఇంటర్వ్యూలు, నటులు పోయినప్పుడు రాసిన నివాళులు అన్నీ అలా కళ్లెదుటే ఉండి కూడా వెతికితే చిక్కేవి కావు. వెన్న నాగార్జున తయారుచేసిన ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ యాడ్ఆన్ ఆ పేజీల్ని యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలుపెట్టిందీ ఆయనే. ఈ రెండు పనులకూ మనం ఎంత రుణపడి ఉన్నామో ఇప్పటి పిల్లలకు తెలియాలి.

ఆ తర్వాత 2006లో వీవెన్ అనే ఆయన చేతుల మీదుగా లేఖిని, కూడలి అనే వెబ్‌సైట్లు వచ్చాయి. లేఖినిలో పై పెట్టెలో ఇంగ్లిష్ అక్షరాలతో కొడుతుంటే కింది పెట్టెలో తెలుగు పడుతుండేది. కూడలి తెరిస్తే కొత్త బ్లాగు పోస్టులన్నీ ఒక్కచోట. రాయడం సులువైంది, చదివేవాళ్లూ దొరికారు. సినిమా మీద తెలుగులో అంత తీరిగ్గా రాసిన కాలం మళ్లీ రాలేదని నా నమ్మకం. ఒకరు పాటలో సాహిత్యం పట్టుకుంటే, ఇంకొకరు ఒక్క సీనులో కెమెరా ఎక్కడ పెట్టారో పేజీలకు పేజీలు రాసేవాళ్లు. 2008లో సినిమా కోసమే నవతరంగం అనే వెబ్‌సైట్ మొదలైంది. పత్రిక రివ్యూకి విడుదల తేదీ ఉంటుంది, జాగా కొలత ఉంటుంది, చివర్లో రేటింగూ ఉంటుంది. బ్లాగుకి ఇవేవీ లేవు. యాభై ఏళ్ల కిందటి సినిమా మీద ఇవాళ పొద్దున రాసినా ఎవరూ అడిగేవాళ్లు కాదు.

2010ల్లో జనం ఫేస్‌బుక్‌కి మళ్లారు. ఇష్టమైన బ్లాగుల కొత్త పోస్టుల్ని ఒకచోట చేర్చి చూపే గూగుల్ రీడర్ 2013 జూలై 1న మూతపడింది. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చవకై వీడియో ఊపందుకుంది. వీడియోని తిట్టడం నాకిష్టం లేదు. టైపింగ్ రానివాళ్లు, రాయడానికి బెరుకుపడేవాళ్లు కూడా తమ అభిప్రాయం చెప్పగలుగుతున్నారంటే అది దాని చలవే. కానీ ఇరవై నిమిషాల మాటలో పదకొండో నిమిషం దగ్గర వచ్చిన మంచి పరిశీలన టైటిల్‌లో ఉండదు కాబట్టి సెర్చ్‌కి అందడం కష్టం. ఫేస్‌బుక్ ప్రైవేటు గ్రూపులో రాసింది ఆ గ్రూపు గోడ దాటదు. అప్పట్లో ఫాంటు చేసిన పనే ఇప్పుడు ఈ వేదికలు చేస్తున్నాయి.

పాత బ్లాగుల సంగతి మరోరకం. సొంత డొమైన్ కొనుక్కున్నవాళ్లు ఏటా డబ్బు కట్టాలి, ఆపేస్తే ఆ చిరునామా చేజారిపోతుంది. ఉచితంగా బ్లాగ్‌స్పాట్‌లో రాసినవాళ్ల పోస్టులే చాలావరకు మిగిలాయి. పాత వెబ్‌పేజీల నకళ్లు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కొన్ని పేజీలు దొరుకుతాయి గానీ, అక్కడ వెతకాలంటే పాత చిరునామా గుర్తుండాలి. బ్లాగర్‌లోనూ (బ్లాగ్‌స్పాట్‌ను నడిపే సేవ ఇదే) వర్డ్‌ప్రెస్‌లోనూ పోస్టులన్నీ ఒకే ఫైలుగా దింపుకునే వీలుంది. అప్పట్లో రాసినవాళ్లు పాస్‌వర్డ్ గుర్తున్నప్పుడే ఆ పని చేసిపెట్టుకుంటే, రేపు ఆ రాతల్ని ఎక్కడైనా మళ్లీ నిలబెట్టొచ్చు.