కంటికురుపు లేచినప్పుడు కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోవచ్చా?

మొన్న మాఘమాసంలో మా పిన్ని కూతురి పెళ్ళి నాలుగు రోజులుందనగా దాని ఎడమ కంటి పై రెప్ప అంచున కంటికురుపు లేచింది. అమలాపురం దగ్గర ఊరు, ఇంటినిండా చుట్టాలు, తలా ఒక వైద్యం చెప్పడమే. ఒంట్లో వేడి చేసింది బొండాం నీళ్ళు తాగించమని ఒకరు, లవంగం అరగదీసి రాయమని ఒకరు, నందివర్ధనం పూలు కళ్ళ మీద వేసుకుని పడుకోమని ఇంకొకరు. అదేమో నన్ను పక్కకి లాక్కెళ్ళి "అక్కా, పీటల మీద కళ్ళజోడుతో కూర్చోలేను, ఆ ఒక్క పూటా లెన్సులు పెట్టేసుకోనా?" అనడిగింది. వద్దే తల్లీ అన్నాను. పన్నెండేళ్ళుగా లెన్సులు వాడుతున్నదాన్ని, పెళ్ళికూతురికి కళ్ళజోడంటే ఎంత బాధో నాకు తెలుసు, అయినా వద్దనే అన్నాను, ఎందుకో ఇక్కడ వివరంగా రాస్తున్నా.

ముందు అసలు కురుపంటే ఏంటో చూద్దాం. మన రెప్పల లోపల నిలువుగా సన్నటి నూనె గ్రంథులు వరసగా ఉంటాయి, పై రెప్పలో ఇంచుమించు 25 నుంచి 40, కింద రెప్పలో కొంచెం తక్కువ. వీటి గురించి వివరంగా రాసిన జర్మన్ డాక్టర్ హైన్‌రిక్ మైబోమ్ పేరుతోనే మైబోమియన్ గ్రంథులంటారు, ఆయన రాసింది 1666లో. కన్నీటి మీద పల్చటి నూనె పొర పరిచి అది తొందరగా ఆవిరైపోకుండా చూడటం వీటి పని. వెంట్రుకల మొదళ్ళ దగ్గర ఇంకా చిన్న గ్రంథులుంటాయి. వీటిల్లో దేనికైనా మూత పడి, లోపల సూక్ష్మజీవులు పెరిగి చీము పడితే అదే కంటికురుపు. ఎక్కువసార్లు దీనికి కారణం స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా, అది ఎక్కణ్ణుంచో రాదు, మన చర్మం మీదా ముక్కులోనే ఉంటుంది. అంటే ఒంట్లో వేడికీ కురుపుకీ సంబంధం లేదు, బొండాం నీళ్ళు తాగండి మంచిదే, కురుపు మాత్రం దాంతో పోదు. లవంగం మాత్రం దయచేసి కంటి దగ్గరకి తీసుకెళ్ళకండి, లోపల పడితే మండిపోద్ది.

మా అమ్మమ్మ వైద్యం ఒకటుండేది, చూపుడువేలు అరచేతిలో గట్టిగా రాపాడించి ఆ వేడి కురుపు మీద పెట్టడం. అందులో ఆలోచన నిజంగా సరైనదేనండి. ధనుర్మాసం చలికి సీసాలో కొబ్బరినూనె పేరుకుపోతే ఎండలో పెడతాం కదా, మూతపడ్డ గ్రంథిలో నూనె కూడా అలాగే గట్టిపడి ఉంటుంది, కాకపోతే అది కరగడానికి 40 డిగ్రీల దాకా వేడి కావాలి, అదీ కాసేపు నిలవాలి, వేలి వేడేమో రెండు క్షణాల్లో చల్లారిపోద్ది, పైగా వేలికున్న క్రిములు రెప్పకి అంటుకుంటాయి. అందుకే కాచిన నీళ్ళు చెయ్యి ఓర్చుకునేంత గోరువెచ్చగా అయ్యాక శుభ్రమైన గుడ్డ ముంచి పిండి, కళ్ళు మూసుకుని కాపడం పెట్టుకోవాలి, ఒక్కోసారి 10 నుంచి 15 నిమిషాలు, రోజుకి మూడు నాలుగు సార్లు, గుడ్డ చల్లారితే మళ్ళీ ముంచుకుంటూ. చాలా కురుపులు దీంతోనే వారం రెండు వారాల్లో తగ్గిపోతాయి. పిండటం, గిల్లటం, రెప్ప వెంట్రుక పీకటం ఇవేవీ వద్దు.

ఇప్పుడు లెన్సు సంగతి. కురుపు ఉన్నది రెప్పకి, లెన్సు కూర్చునేది కార్నియా మీద, అంటే నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర మీద. దాని మందం మధ్యలో అర మిల్లీమీటరే. అందులో రక్తనాళాలు ఉండవు, ఉంటే చూపుకి అడ్డం కదా, కాబట్టి తనకి కావాల్సిన ఆక్సిజన్ ఎక్కువగా కన్నీటి ద్వారా గాలి నుంచే తీసుకుంటుంది. మామూలు రోజుల్లో రెప్ప కొట్టినప్పుడల్లా కన్నీళ్ళు దాన్ని కడిగేస్తుంటాయి, లెన్సు పెడితే ఆ కడుగుడు తగ్గుద్ది, ఆక్సిజనూ కొంత తగ్గుద్ది. అలాంటప్పుడు పక్కనే చీము కారే రెప్ప ఉంటే ఆ బ్యాక్టీరియా లెన్సుకి పట్టుకుని, గంటల తరబడి కార్నియాకి ఆనుకునే ఉంటుంది. లెన్సు అంచు వల్ల చిన్న గీత పడినా చాలు, లోపలికి దారి దొరికినట్టే. రెప్ప మీద కురుపు మానితే మచ్చ కూడా మిగలదు చాలాసార్లు, కార్నియా మీద పుండు పడితే మాత్రం తెల్లమచ్చ ఉండిపోయి చూపే తగ్గొచ్చు.

మందులతో ఇంకో ఇబ్బంది. మెత్తటి లెన్సుల్ని చెక్ శాస్త్రవేత్త ఓటో విఖ్టెర్లే 1961 క్రిస్మస్ రోజుల్లో ఇంట్లో, పిల్లల బొమ్మల సెట్టుతో కట్టిన మెషీను మీద చేశాడు. ఆ ప్లాస్టిక్ గొప్పతనమే నీళ్ళు పీల్చుకోవడం, ఇప్పటికీ వాడే ఒక రకంలో 38 శాతం నీళ్ళే ఉంటాయి. నీళ్ళు పీల్చేది మందునీ పీలుస్తుంది, చుక్కల మందులో పాడవకుండా కలిపే బెంజాల్కోనియం క్లోరైడ్ లాంటిదాన్నీ పీల్చుకుని కంటికి మెల్లమెల్లగా వదుల్తూ మంట పెడుతుంది. ఆయింట్‌మెంట్ అయితే లెన్సంతా జిడ్డు చేసేస్తుంది. ఇంకో మాట, మెడికల్ షాపులో "ఎర్రగా ఉందండి చుక్కలివ్వండి" అని అడిగి వేసుకోకండి, వాటిల్లో స్టెరాయిడ్ ఉంటే కార్నియాలో ఇన్ఫెక్షన్ ముదిరిపోయే ప్రమాదం ఉంది.

మన డెల్టాలో నీళ్ళ గురించి కూడా చెప్పాలి, నాకు ఎక్కువ భయం దీని గురించే. కాలవ, చెరువు, బోరు, కుళాయి, ఏ నీళ్ళయినా లెన్సుకి తగలకూడదు. అకాంథమీబా అనే ఏకకణ జీవి మట్టిలోనూ నీళ్ళలోనూ అంతటా ఉంటుంది, కుళాయి నీళ్ళలో కూడా. లెన్సు వెనక చేరి కార్నియాని పట్టుకుందంటే మందులు నెలల తరబడి వాడాల్సొస్తుంది, ఎందుకంటే అది గట్టి గుల్లలా మారి దాక్కుంటుంది. లెన్సులతో గోదావరిలో మునగొద్దు, 2027లో పుష్కరాలకి వెళ్ళేవాళ్ళు ముందే తీసేసి వెళ్ళండి. లెన్సు ముట్టుకునే ముందు సబ్బుతో చెయ్యి కడగటమే కాదు, శుభ్రమైన తువ్వాలుతో తడి లేకుండా తుడుచుకోవాలి.

వాపు చెంప దాకా పాకినా, జ్వరం వచ్చినా, కన్ను కదిపితే నొప్పి పుట్టినా, చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోతున్నా, నల్లగుడ్డు మీద తెల్లచుక్క కనిపించినా ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరకి వెళ్ళాలి, కాపడం పెడుతూ కూర్చోకూడదు. కురుపులు మళ్ళీ మళ్ళీ లేస్తుంటే షుగర్ టెస్టు చేయించుకోండి. పెద్దవయసు వాళ్ళకి ఒకే చోట పదేపదే గడ్డ వస్తుంటే తప్పకుండా చూపించాలి, అరుదుగా అది రెప్ప గ్రంథి కేన్సర్ కావచ్చు.

మా పెళ్ళికూతురు కళ్ళజోడుతోనే పీటల మీద కూర్చుంది, జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు తీసి నా చేతికిచ్చి తలంబ్రాలకి మళ్ళీ పెట్టుకుంది. కురుపు పూర్తిగా తగ్గి, ఎరుపు పోయి, పుసి ఆగి, మందు మానేసి రెండు రోజులయ్యాక కొత్త జత తెరిచింది. కురుపు లేచిన రోజు కంట్లో ఉన్న పాత జతా, లెన్సులు పెట్టుకునే డబ్బా, సగం వాడిన కాటుకా అన్నీ పారేయించాను.