అపోహలు - వాస్తవాలు: బిల్డ్ వివరాలు, పర్మిషన్ ఎర్రర్లు, 'దేవ్' గారు

మార్చి నెల, గుంటూరు మిర్చి యార్డు కిటకిటలాడుతున్న సమయం. కమీషన్ షాపు గుమస్తా గారు ఫోన్ చేశారు. "బాబూ, టిక్కీల తూకం కలిపితే బిల్లులో తేడా వస్తోంది." వెర్షన్ తెలిస్తేగానీ ఏ కోడో చెప్పలేను. "స్క్రీన్ కింద చిన్న అక్షరాలు ఉంటాయి, చదవండి సార్" అన్నాను. "దేవ్ అని ఉంది. ఎవరాయన, మీ ఓనరా?"

దేవ్ కాదు, డెవ్, అంటే డెవలప్‌మెంట్. వెర్షన్ దొరకనప్పుడు చూపించమని మేమే పెట్టుకున్న మాట. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర మా చిన్న టీములో బిల్డులు (కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడం), రిలీజులు చూసేది నేనే. ఆ షాపులో నడుస్తున్నది ఏ కమిట్ (నంబరుతో సేవ్ చేసిన కోడ్ మార్పు) నుంచి వచ్చిందో కనుక్కోవడానికి నాకు సగం రోజు పట్టింది. ఇదంతా ఒక పర్మిషన్ ఎర్రర్‌ను మేము తప్పుగా అర్థం చేసుకోవడం వల్ల వచ్చింది. మాలాగే చాలామంది పడే పొరపాట్లివి.

అపోహ: బిల్డ్ ఆగినప్పుడు ఎర్రర్ మెసేజే దారి చెబుతోంది, అందులోని ఫ్లాగ్ (ఆప్షన్) పెడితే సరిపోతుంది.

మేము వాడే ప్రోగ్రామింగ్ భాష గో. 2022 మార్చిలో వచ్చిన గో 1.18 నుంచి, ప్రోగ్రామ్ బిల్డ్ చేసేటప్పుడు గో తనంతట తానే గిట్‌ను (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) అడిగి కమిట్ నంబరు, దాని సమయం, కమిట్ చేయని మార్పులేమైనా ఉన్నాయా అన్నవి బైనరీలో (తయారైన ప్రోగ్రామ్ ఫైల్లో) రాసేస్తుంది. గిట్ జవాబివ్వకపోతే ఎగ్జిట్ స్టేటస్ 128 అని బిల్డ్ ఆగిపోతుంది. ఆ పక్కనే 'బిల్డ్‌వీసీఎస్ ఫాల్స్ పెట్టి దీన్ని ఆపేయొచ్చు' అని సలహా కూడా ఉంటుంది. మావాళ్లు అదే చేశారు. బిల్డ్ పాసైంది, అందరూ టీకి వెళ్లారు, దేవ్ గారు యార్డులో దిగారు. అసలు గిట్ ఎందుకు మాట్లాడలేదో ఎవరూ అడగలేదు.

అపోహ: పర్మిషన్ కదా, ఫోల్డర్‌కి 777 (అందరికీ అన్ని హక్కులు) ఇస్తే పోతుంది.

పోదు. బిల్డ్ ఆగిన చోటే గిట్ స్టేటస్ అని కొడితే అసలు మాట బయటపడుతుంది: డ్యూబియస్ ఓనర్‌షిప్, అంటే యజమాని విషయంలో అనుమానం. ఫోల్డర్‌లో రాయొచ్చా, చదవొచ్చా అన్నది గిట్ ఇక్కడ చూడటం లేదు. 'ఈ ఫోల్డర్ ఎవరిది, నన్ను నడుపుతున్నది ఎవరు' అని చూస్తోంది. మా సర్వర్లో కోడ్ ఫోల్డర్ యూజర్ 1000ది. డాకర్ కంటెయినర్లో (సర్వర్ లోపలే విడిగా నడిచే చిన్న పెట్టెలో) బిల్డ్ నడిపేది అన్ని అధికారాలున్న యూజర్ రూట్, అంటే 0. ఇద్దరూ వేరు కాబట్టి గిట్ నోరు మూసుకుంది. 777 ఇచ్చినా యజమాని మారడు. పైగా ఆ ఫోల్డర్‌లో ఎవరైనా ఏదైనా రాయగలిగేలా తలుపు తీసినట్టవుతుంది.

అపోహ: గిట్‌లోని సేఫ్ డైరెక్టరీ అనే సెట్టింగ్‌లో స్టార్ (ఏ ఫోల్డర్‌నైనా నమ్ము అని) పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది.

గొడవ వదులుతుంది, నిజమే. కానీ గిట్ ఈ తనిఖీ ఎందుకు పెట్టిందో చూడండి. 2022 ఏప్రిల్లో వచ్చిన 2.35.2 వెర్షన్‌తో ఇది మొదలైంది. మీరు ఏ ఫోల్డర్‌లో ఉన్నా, డాట్ గిట్ (గిట్ తన వివరాలు దాచుకునే ఫోల్డర్) కనబడేదాకా గిట్ పై ఫోల్డర్లు వెతుక్కుంటూ పోతుంది. అందులోని కాన్ఫిగ్ ఫైల్ చదువుతుంది. ఆ కాన్ఫిగ్‌లో ఫలానా కమాండ్ నడుపు అని కూడా రాయొచ్చు. నలుగురు వాడే మెషీన్‌లో పై ఫోల్డర్‌లో ఇంకెవరో డాట్ గిట్ పెడితే, వాళ్లు రాసిన కమాండ్ మీ పేరు మీద నడుస్తుంది. స్టార్ పెడితే ఈ కాపలా మొత్తం తీసేసినట్టే. ఒక్క పని చేసి పారేసే కంటెయినర్లో అయితే నేనూ చూసీచూడనట్టు ఊరుకుంటాను. సర్వర్లో మాత్రం ఒప్పుకోను, ఆ ఒక్క ఫోల్డర్ పాత్ రాయాల్సిందే.

పాత్ రాసినా పనిచేయలేదంటే రెండు చోట్ల చూడండి. రిపాజిటరీ (ఆ కోడ్ ఫోల్డర్) లోపలి కాన్ఫిగ్‌లో రాస్తే గిట్ పట్టించుకోదు (తాళంచెవి దొంగ చేతిలో పెట్టినట్టు కదా). యూజర్ హోమ్ ఫోల్డర్‌లో ఉండే గ్లోబల్ కాన్ఫిగ్‌లో రాసినా, రాసినప్పటి హోమ్ ఫోల్డర్, బిల్డ్ నడిచేటప్పటి హోమ్ ఫోల్డర్ ఒకటేనా? నాకు ఒక సాయంత్రం మొత్తం దీనికే పోయింది.

నాకు నచ్చిన మందు వేరే ఉంది. కంటెయినర్‌ను ఫోల్డర్ యజమాని నంబరుతోనే నడపడం. అప్పుడు గిట్‌కు అనుమానమే రాదు. కాకపోతే ఆ నంబరుకు కంటెయినర్ లోపల హోమ్ ఫోల్డర్ ఉండదు కాబట్టి, గో తన క్యాష్‌ను (మళ్లీ వాడుకోవడానికి దాచే ఫైళ్లను) అన్నిటికంటే పైనున్న స్లాష్ డైరెక్టరీలో రాయబోయి పర్మిషన్ డినైడ్ అంటుంది. గోక్యాష్ అనే సెట్టింగ్‌ను రాయగలిగే ఫోల్డర్‌కు తిప్పితే సరి.

అపోహ: డాట్‌నెట్‌లో వెర్షన్ చదువుతుంటే సెక్యూరిటీ ఎక్సెప్షన్ వస్తే ఫుల్ ట్రస్ట్ ఇవ్వాలి.

ఇది గో సంగతి కాదు, మైక్రోసాఫ్ట్ వారి పాత డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ మీద ఇంకా బండి లాగుతున్నవాళ్లకు. పార్షియల్ ట్రస్ట్‌లో (ప్రోగ్రామ్‌కు కొన్ని హక్కులే ఉన్నప్పుడు) అసెంబ్లీ (బిల్డ్ అయిన ఫైల్) మీద గెట్‌నేమ్ పిలిస్తే ఫైల్ పాత్ తెలుసుకునే పర్మిషన్ అడుగుతుంది, ఎందుకంటే ఆ జవాబులో పాత్ కూడా వస్తుంది. మనకు కావలసింది వెర్షన్ ఒక్కటే. ఫుల్‌నేమ్ అనే స్ట్రింగ్‌లో అది ఉంది, అక్కడి నుంచి తీసుకోండి. డాట్‌నెట్ కోర్ నుంచి ఈ రకం పర్మిషన్లే లేవు.

అపోహ: బిల్డ్ వివరాలు లోపల ఎక్కడో ఉంటాయి, ఎవరు చూస్తారు?

గో వెర్షన్ కమాండుకు మైనస్ ఎం తగిలించి బైనరీ పేరు ఇస్తే ఎవరైనా చూస్తారు. కమిట్ నంబరు కనబడితే కొంపేమీ మునగదు. మునిగేది ఇంకోచోట: ఎల్‌డీఫ్లాగ్స్‌లో (బిల్డ్ కమాండులో విలువలు అందించే ఆప్షన్) ఇచ్చింది కూడా మామూలుగా అక్కడ రాసి ఉంటుంది. మా పాత బైనరీ ఒకటి తెరిచి చూస్తే, ఎప్పుడో ఎవరో వెర్షన్‌తో పాటు అదే లైన్లో ఇచ్చిన డేటాబేస్ పాస్‌వర్డ్ స్పష్టంగా కనబడింది. ఆ రాత్రే మార్చాం. అందుకే మా దగ్గర వెర్షన్, కమిట్ తప్ప ఆ లైన్లో ఇంకేదీ పెట్టనివ్వను.

ఇప్పుడు యార్డు స్క్రీన్ మీద కమిట్‌లోని మొదటి ఏడు అక్షరాలు కనబడతాయి. ఫోన్లో బి, డి ఒకేలా వినబడుతున్నాయని గుమస్తా గారే ఒక పద్ధతి పెట్టారు. "బి అంటే బాడిగ, డి అంటే డీడీ. రాసుకో బాబూ."