గోండీ వాచకాలున్నాయి, చెప్పే టీచర్లేరీ?

1921 నవంబర్‌లో హైదరాబాద్ వివేకవర్ధిని థియేటర్‌లో జరిగిన ఒక సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గోల చేసి ఆపేశారు. నిజాం రాజ్యంలో అప్పటికి దాదాపు సగం మంది తెలుగువాళ్లే. అయినా ప్రభుత్వ కచేరీల్లో ఉర్దూ, 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ ఉర్దూయే. ఆ అవమానంలోంచి తెలుగువాళ్ల సంస్థ ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఇంటి భాష బడిలో వినపడకపోతే పిల్లలు ఎంత నష్టపోతారో ఈ నగరానికి బాగా తెలుసు. అలాంటి హైదరాబాద్ నుంచి పాలించిన ప్రభుత్వాలే గోండు, కోయ, కొలాం గిరిజన పిల్లల్ని పట్టించుకోకపోవడం నన్ను ఎక్కువగా బాధపెడుతుంది.

పట్టించుకున్న కాలం ఒకటి ఉంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం చనిపోయాక, నిజాం సర్కారు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్‌కు పంపింది. భూమి గొడవలతో పాటు ఆయన చదువు సంగతీ చూశారు. 1943లో గోండు విద్యా పథకం మొదలైంది. మార్లవాయి గ్రామంలో గోండు యువకులకే టీచర్ ట్రైనింగ్ ఇచ్చారు. వాచకాలు గోండీ భాషలో, మరాఠీ రాసే దేవనాగరి లిపిలో వచ్చాయి. అక్కడ అక్షరం ముక్క వచ్చిన కొద్దిమందికీ తెలిసింది మరాఠీయే మరి. పుస్తకాల సంగతెలా ఉన్నా, పిల్లల మాట తెలిసిన మనిషిని బడిలో నిలబెట్టడమే ఆ పథకంలో అసలైన బలం.

1956లో ఆదిలాబాద్ ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. బడి భాష తెలుగైంది, గోండీ వాచకాలు మూలనపడ్డాయి. భాషాపరమైన మైనారిటీ పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలంటూ రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేరింది కూడా ఆ ఏడాదే. కానీ అది రాష్ట్రాలను ప్రయత్నించమంది, అంతే. 2009 విద్యాహక్కు చట్టమూ ‘సాధ్యమైనంత వరకు’ అనే సందు వదిలింది.

2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రం మళ్లీ పూనుకుంది. గోండీ, కోయ, కొలామీ, బంజారా, సవర, కువి వంటి 8 భాషల్లో, తెలుగు లిపిలో వాచకాలు తయారయ్యాయి. మంచి పనే. అయితే ఆ భాష వచ్చిన టీచరు బదిలీ అయితే పుస్తకం బీరువాలోకి పోవాల్సిందే.

షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020లో కొట్టేసింది. ఆ జీవో కూడా గిరిజనులా కాదా అని చూసిందే గానీ, భాష వచ్చా అని అడగలేదు. బంజారా మాట్లాడే టీచరును గోండు గూడేనికి పంపితే ఒకటో తరగతి పిల్లలకు ఒరిగేదేమిటి? టీచర్ పోస్టులు భర్తీ చేసే డీఎస్సీలో తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడ మీడియం పోస్టులు విడిగా ఉంటాయి. అదే పద్ధతిలో గోండీకి, కోయకు, కొలామీకి ఎస్‌జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు) పోస్టులు కేటాయించాలి. ఆ నిర్ణయం తీసుకోవాల్సింది హైదరాబాద్ సచివాలయంలోనే.