గంగలో కొట్టుకొచ్చే చేపపిల్లలు: వ్యాపారుల వల నుంచి సైంటిస్టుల లెక్క దాకా

భీమవరం, ఆకివీడు, కైకలూరు చెరువుల్లో పెరిగిన రోహు, బొచ్చె ఇవాళ ఐసు పెట్టెల్లో లారీలెక్కి హౌరా దాకా పోతున్నాయి కదా, ఒకప్పుడు సీన్ మొత్తం రివర్స్. చేపపిల్ల కావాలంటే కలకత్తా వైపు చూడాల్సిందే, దేశంలో ఎక్కడ చెరువు వేసినా సరే. ఎందుకంటే ఈ చేపలకి ఒక పెద్ద పేచీ ఉంది, చెరువులో ఎంత మేత వేసి ఎంత మేపినా పెరుగుతాయి గానీ గుడ్లు మాత్రం పెట్టవు. వాటికి వానాకాలం కావాలి, కొత్త నీరు రావాలి, నది పొంగి పక్కన పల్లపు నేలలు మునగాలి, అప్పుడే పెడతాయి.

పెట్టాక ఏం జరుగుతుందన్నదే అసలు కథ. ఈ గుడ్లు చెట్టుకో రాయికో అతుక్కోవు, నిలవ నీళ్లలో అయితే అడుక్కి పోతాయి, నీరు కదులుతుంటే ఆ ప్రవాహంతోపాటే దొర్లుకుంటూ పోతాయి. వేడిని బట్టి ఇంచుమించు 14 నుంచి 20 గంటల్లో పిల్ల బయటికొస్తది. అప్పటికి దాని సైజు 5 మిల్లీమీటర్లు ఉంటే గొప్ప, ఎదురీదే ఓపిక ఎక్కడిది, మూడ్రోజుల పాటు పొట్ట కింద సంచిలో ఉన్న పచ్చసొన తింటూ ఏరు ఎటు తీసుకెళ్తే అటు. ఈ దశనే స్పాన్ అంటారు. అట్లా పోతూ పోతూ ఏ మడుగులోకో, వరదలో మునిగిన చౌర్లలోకో చేరితే బతుకుతది (బీహార్‌లో ఇలాంటి పల్లపు జలాల్ని మాన్, చౌర్ అంటారు), మధ్యలో నీరు ఆగిపోయి బురదలో కూరుకుపోతే అంతే సంగతులు.

ఈ సంగతి సైంటిస్టుల కంటే చాలా ముందే బెంగాల్, బీహార్ జాలర్లకి తెలుసు, దానిమీద పెద్ద వ్యాపారమే నడిచింది. జులై, ఆగస్టుల్లో వరద వచ్చినప్పుడు ఒడ్డు వాలుగా ఉండి నీటి వేగం మరీ ఎక్కువ కాకుండా మధ్యస్థంగా ఉన్న చోటు చూసి వెదుళ్లు పాతి, గరాటు ఆకారంలో ఉండే షూటింగ్ నెట్‌ని ప్రవాహానికి ఎదురుగా కట్టేవాళ్లు. వల తోక చివర గామ్చా అని గుడ్డ తొట్టి లాంటిది ఉంటది, కొట్టుకొచ్చిన స్పాన్ అంతా అందులో పోగవుతది, దాన్ని చిన్న కప్పుతో తోడి కొలిచి అమ్మేవాళ్లు, కప్పుకి ఇంతని రేటు. అక్కణ్ణించి మట్టి హండీల్లో పోసి రైలెక్కించడం. ఒక హండీలో ఏ 50 వేల స్పానో ఉంటది, అందులో కాస్త ఎర్రమట్టి కలిపేవాళ్లు, నీట్లో పేరుకునే మలినం దానికి పట్టుకుని కిందికి దిగుతుందని. హండీతోపాటు మనిషి కూడా ప్రయాణం చెయ్యాలి, దారంతా దాన్ని కదుపుతూ, స్టేషన్ దొరికినప్పుడల్లా నీళ్లు మారుస్తూ. ఇంత చేసినా దారిలో పోయేవి పోయేవి.

అసలు తలనొప్పి ఇంకోటి. నదిలో కొట్టుకొచ్చే స్పాన్‌లో రోహు, బొచ్చె, ఎర్రమోసు మాత్రమే ఉండవు, వాలుగ లాంటి వేటచేపల పిల్లలూ ఉంటాయి. ఆ సైజులో అన్నీ ఒకేలా కనపడతాయి, డబ్బులిచ్చి కొన్న రైతు చెరువులో పోసుకున్నాక నెల తర్వాత గానీ తెలీదు తను పెంచుతున్నది చేపనా, చేపల్ని తినే చేపనా అని.

ఈ గొడవ తేల్చడానికే సైన్సు నది ఒడ్డుకొచ్చింది. 1947లో కలకత్తాలో మొదలైన కేంద్ర లోతట్టు మత్స్య పరిశోధన సంస్థ, అదే మనం సిఫ్రి అంటాం, 1960ల్లో నదుల వెంట స్పాన్ సర్వేలు చేసింది. పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది, కొత్త మిషనేం కనిపెట్టలేదు, వ్యాపారులు వాడే వలనే తీసుకుని దాని సైజు, కన్ను ఫిక్స్ చేశారు. ప్రతిచోటా అదే వల కాబట్టి ఇక్కడ ఎన్ని మిల్లీలీటర్ల స్పాన్ పడింది, అక్కడ ఎంత పడింది అని పోల్చొచ్చు. ఒక మిల్లీలీటరుకి ఇంచుమించు 500 పిల్లలు. ఏ జాతివో తేల్చడానికి కొంత శాంపిల్ విడిగా పెంచి చూసేవాళ్లు, కాస్త ఎదిగితే ఎర్రమోసు పిల్లకి తోక మొదట్లో నల్ల మచ్చ, బొచ్చె పిల్లకి పెద్ద తల, అట్లా పట్టేసేవాళ్లు.

ఇంతలో ఇంకో పక్క ఆట మారిపోయింది. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలీకున్హి చేప మెదడు కింద ఉండే పిట్యుటరీ గ్రంథి రసం ఇంజెక్షన్ చేసి ఈ చేపల చేత గుడ్లు పెట్టించారు, ఇప్పుడు జాతీయ చేపరైతుల దినం ఆ రోజునే జరుపుతున్నాం. అయినా రాత్రికి రాత్రే ఏమీ కాలేదు, 1964-65 నాటికి కూడా దేశంలో వాడే సీడ్‌లో, అంటే చెరువుల్లో వేసే చేపపిల్లల్లో, తొంభై శాతం పైగా నదిదే. తర్వాత ఇట్లా గుడ్లు పెట్టించి పిల్లల్ని తీసే హ్యాచరీలు పెరిగాయి, కొల్లేరు చుట్టుపక్కల చెరువులు తవ్వుకున్నాం, సీడ్ ఇక్కడే తయారవడం మొదలైంది, ఇక నది వైపు చూడాల్సిన పని ఎవరికీ లేకపోయింది.

నా ఉద్దేశంలో మలుపు ఇక్కడే ఉంది. హ్యాచరీ రావడం రైతుకి మంచిదే, అందులో డౌటే లేదు, కానీ అప్పటిదాకా గంగలో స్పాన్ తగ్గితే కలకత్తా మార్కెట్ గగ్గోలు పెట్టేది, ఆ తర్వాత తగ్గినా అడిగేవాడు లేడు. 1975లో బెంగాల్‌లో గంగ మీద ఫరక్కా బ్యారేజీ వచ్చింది, దానికి ఎంతో ముందే హరిద్వార్ దగ్గర నీళ్లు కాలవకి మళ్లాయి, కరకట్టలు వచ్చి నదికీ పల్లపు జలాలకీ మధ్య దారి మూసుకుపోయింది. సిఫ్రి లెక్కల ప్రకారం గంగలో స్పాన్ ఇండెక్స్, అంటే ఆ ఒకే సైజు వలలో పడే స్పాన్ కొలత, 1960ల్లో 2984 మిల్లీలీటర్లు, 1994-2004 మధ్య 27 మాత్రమే. పడిన దాంట్లో కూడా రోహు, బొచ్చె, ఎర్రమోసు లాంటి పెద్ద కార్పుల వాటా 1961-65లో 78.62 శాతం, తర్వాతి దశాబ్దాల్లో 34.48కి పడిపోయింది. కారణాల్లో వానల తీరు మారడం కూడా ఉంది, అన్నీ బ్యారేజీల మీదే తోసెయ్యలేం. కానీ ఇంత పెద్ద పతనం పేపర్లో హెడ్డింగ్ కాలేదు, ఎందుకంటే మార్కెట్లో రోహుకి కొరత లేదు.

చైనాలో కూడా ఇదే టైపు కథ, కాకపోతే వాళ్లు దాని మీద ఏదో ఒకటి చేశారు. యాంగ్జీ నది మీద జియాన్‌లీ అనేచోట గడ్డిచేప (గ్రాస్ కార్ప్), వెండిచేప (సిల్వర్ కార్ప్) లాంటి నాలుగు కార్పుల పిల్లలు ఎన్ని కొట్టుకొస్తున్నాయో ఏటా లెక్కపెడుతూ వచ్చారు. దానికి ఎగువన ఉన్న త్రీ గోర్జెస్ డ్యామ్‌లో 2003లో నీళ్లు నింపకముందు ఏడాదికి సగటున 250 కోట్లు, 2009 నాటికి 4 కోట్ల చిల్లర. చల్లటి నీళ్లు, పొంగు లేని ప్రవాహం, వాటికి గుడ్లు పెట్టే సిగ్నలే అందలేదు. 2011 నుంచి వేసవి మొదట్లో డ్యామ్ నుంచి కావాలనే ఒక పొంగు వదలడం మొదలెట్టారు, 2021 జనవరి నుంచి పదేళ్లు వేట కూడా బంద్ చేశారు.

మన దగ్గర ఆనకట్ట, చేప అనగానే పులస ధవళేశ్వరం దగ్గర ఆగిపోతుంది, పైకెలా ఎక్కించాలి, మెట్లు కట్టాలా అనే మాటే వస్తది. కిందికి కొట్టుకొచ్చే పిల్ల సంగతి చర్చలో ఉండదు. గోదావరికి ఈ విషయంలో చిన్న చరిత్ర లేదు మరి, మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లోనే ఇక్కడి బొచ్చెని తీసుకెళ్లి కావేరిలో వదిలారు.

నది చేప ఇప్పుడెందుకు అనేవాళ్లకి జయంతి రోహు అనే మెరుగుపరిచిన రకాన్ని చూపించాలి. హ్యాచరీల్లో అవే చేపలు తిప్పి తిప్పి వాడితే జాతి బలం తగ్గుతది కాబట్టి, ఆ రకం కోసం భువనేశ్వర్‌లోని మంచినీటి చేపల పెంపకం పరిశోధన సంస్థ సిఫా వాళ్లు గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్రల నుంచి రోహులు తెచ్చి ఫామ్ చేపలతో కలిపి ఎంపిక చేసుకుంటూ వచ్చారు. సిఫ్రి కూడా కేంద్రం గంగ బాగు కోసం పెట్టిన నమామి గంగే పథకం కింద గంగలోని తల్లి చేపల్నే పట్టి, గుడ్లు పెట్టించి, పిల్లల్ని మళ్లీ నదిలో వదులుతోంది. వదిలినవి ఎన్నో చెప్పడం ఈజీ, ఫొటోలు కూడా వస్తాయి. అవి పెరిగి వరదలో వాటంతట అవే గుడ్లు పెడుతున్నాయా లేదా తెలియాలంటే మాత్రం జులైలో వెళ్లి అదే గరాటు వల కట్టి, గామ్చాలో ఎన్ని మిల్లీలీటర్లు పడ్డాయో కొలవాలి.