పిలిచింది దొరా, మేనమామా?

‘ఉజ్జీవ సభలు. అందరూ ఆహ్వానితులే. భోజన వసతి కలదు.’ కోస్తాలో ఆటోల వెనక తరచూ కనిపించే క్రైస్తవ సభల కరపత్రం ఇది. మొదటి రెండు మాటలకూ రాజ్యాంగంలోని 25వ అధికరణం అండ ఉంది. చిక్కంతా భోజనంతోనే. ఉత్తరప్రదేశ్ 2021 మతమార్పిడి నిరోధక చట్టం ‘ప్రలోభం’ కింద కానుక, డబ్బు, ఉద్యోగం, మతసంస్థల బడిలో ఉచిత చదువు, చివరికి మెరుగైన జీవితం ఆశ చూపడాన్నీ చేర్చింది. 2025లో రాజస్థాన్ కూడా అలాంటి చట్టం తెచ్చింది. మన రెండు రాష్ట్రాల్లోనూ అలాంటి చట్టం లేదు. గొడవ మాత్రం ఇక్కడా ఉంది: పక్కింటివాళ్లను ప్రార్థనకు రమ్మనడం పిలుపా, ఎరా? (ఇంటికి పిలిచి అన్నం పెట్టకుండా పంపే ఆచారం మనకెక్కడుందో గానీ.)

మిషనరీలు ఎప్పుడొచ్చారో, బళ్లూ ఆసుపత్రులూ ఎలా కట్టారో అందరికీ తెలిసిందే. అసలు మలుపు ఒంగోలులో ఉంది, 1876-78 నాటి ధాత కరువులో.

అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌకి సర్వే పని తెలుసు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని చూపించాడు. కూలి ఇచ్చే చేత్తోనే బాప్తిస్మమిస్తే లోకం ఏమంటుందో ఆయనకు తెలుసు. అందుకే సుమారు పదిహేను నెలలు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. 1878 వేసవిలో సహాయం ఆగిపోయాక, ఇక ఇవ్వడానికేమీ లేదని చెప్పాక కూడా జనం వెనక్కి తగ్గలేదు. జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. నీళ్లలో నిలబడింది క్లౌ కాదు, ఆరుగురు బోధకులు. ఇద్దరు అలిసిపోతే ఇంకో ఇద్దరు దిగేవారు.

కూటి కోసమే కలిశారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. కరువు లేకపోతే అంతమంది ఒక్కసారిగా వచ్చేవారా అన్నది తీసిపారేయాల్సిన ప్రశ్న కాదు. అయితే కరువుకు ముందే ఒంగోలు సంఘంలో మూడు వేలకు పైగా సభ్యులున్నారు. వాళ్లలో ఎంతమందిని దొర పిలిచి ఉంటాడు? అక్కడ తొలినాళ్లలోనే క్రైస్తవుడైన యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారి, ఊరూరూ తిరిగేవాడు. మాదిగపల్లెల్లో చుట్టరికం దారిలోనే మాట పాకింది. మేనమామ చెబితే మేనల్లుడు విన్నాడు. దీన్ని ఏ నిర్వచనంలో పెడతారు?

తర్వాత ఇదే పద్ధతిని నియమంగా మార్చింది దోర్నకల్. 1912లో అక్కడ బిషప్ అయిన అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్లు తమ చేతిని తమ నెత్తిమీదే పెట్టుకుని, సువార్త ప్రకటింపకపోతే నాకు శ్రమ (అంటే అనర్థం) అని పలకాలనేవాడు. అంటే అక్కడ పక్కవాడిని పిలవడం పాస్టరు ఉద్యోగం కాదు, కూలికెళ్లే మనిషి బాధ్యత.

1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు గీత గీసింది: తన మత సిద్ధాంతాలను వివరించి వ్యాప్తి చేయడం హక్కే, ఎదుటివారిని మార్చడం హక్కు కాదు. చదువుతుంటే ఒక బోధకుడూ, అతనికి పరిచయం లేని శ్రోతా కళ్లముందు మెదులుతారు. పేరయ్య చుట్టాలు అందులో కనబడరు.

2025 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌కు చెందిన కొన్ని మతమార్పిడి ఎఫ్ఐఆర్‌లను సుప్రీంకోర్టు కొట్టేసింది. ఒక కారణం, ఫిర్యాదుదారు బాధితుడూ కాదు, బంధువూ కాదు. అవి పాత కేసులు. 2024లో చేసిన సవరణ ప్రకారం అక్కడ ఇప్పుడు ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు.