దారూబందీ జిల్లాలో తాగుడు: నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

సిరోంచలో వ్యసన విముక్తి కౌన్సెలింగ్ చేస్తాను. జిల్లా గడ్చిరోలి, రాష్ట్రం మహారాష్ట్ర. కేసు పేపర్ మరాఠీలో రాస్తాం గానీ, ఎదురుగా కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది ఏడ్చేది, తిట్టేది తెలుగులోనే. గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం, అది తెలంగాణ. ఇవతల 1993 నుంచి మద్య నిషేధం (దాన్నే ఇక్కడ దారూబందీ అంటారు), అవతల లైసెన్సు దుకాణం. ఈ రెండు ఒడ్ల మధ్య తిరిగే మాటల్లో కొన్ని వింటే నవ్వొస్తుంది, కొన్ని వింటే భయమేస్తుంది.

అపోహ: "దారూబందీ ఉన్నా దొరుకుతూనే ఉంది, అదంతా దండగ."

దొరుకుతున్న మాట నిజమే. ఇప్పసారా ఇక్కడే కాస్తారు, క్వార్టర్ సీసాలు నది దాటి వస్తాయి. కానీ అడిగి, వెతికి తెచ్చుకోవడం వేరు, బస్టాండు పక్కన బోర్డు పెట్టి అమ్మడం వేరు. అప్పుడే మొదలుపెడుతున్న పద్దెనిమిదేళ్ల కుర్రాడి విషయంలో ఆ తేడా చాలా పెద్దది. ధర పెంచడం, అమ్మే చోట్లు తగ్గించడం, ప్రకటనలు ఆపడం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏళ్లుగా చెబుతున్నది ఈ లెక్కతోనే. నిషేధం లేని జిల్లాల్లో కూడా దుకాణం ఉండాలా వద్దా అని ఆడవాళ్లు ఓటేసే పద్ధతి మహారాష్ట్రలో ఉంది. నిలబడిన సీసా గుర్తుకు ఓటేస్తే దుకాణం ఉంటుంది, పడుకున్న సీసాకు వేస్తే మూతపడుతుంది. నాందేడ్ వైపు ధర్మాబాద్, దెగ్లూర్‌లలో ఉండే మన తెలుగువాళ్లకు ఇది తెలిసి ఉంటే మంచిది.

నిషేధం చేయలేని పని ఒకటుంది. ఇప్పటికే ఒళ్లు మందుకు అలవాటైపోయిన మనిషికి అది వైద్యం చేయలేదు. ఎయిమ్స్ ఆధ్వర్యంలో చేసి 2019లో విడుదల చేసిన జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక రకం చికిత్స దొరికింది. దుకాణం మూసినా తెరిచినా మిగతా 37 మంది ఎటు పోవాలో చెప్పేవాళ్లు లేరు. 2016 నుంచి మా జిల్లాలో నడుస్తున్న ముక్తిపథ్ కార్యక్రమంలో నాకు నచ్చింది, ఊళ్లో అమ్మకం ఆపించే పని, తాగేవాళ్లకు చికిత్స చేసే పని పక్కపక్కనే పెట్టుకోవడం.

అపోహ: "మగాడన్నాక గట్టిగా అనుకుంటే ఒక్క రోజులో మానేస్తాడు. రెండు రోజులు వణుకుతాడు, అంతే."

అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇదే. మొన్న వానాకాలంలో జరిగిన సంగతి చెబుతాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను. రోజూ పొద్దున్నే గ్లాసు పడితే గానీ చేతి వణుకు ఆగని మనిషి. పెళ్లాం పుట్టింటికి పోతానంటే పిల్లల మీద ఒట్టేసి సీసా పారేశాడు. మొదటి రాత్రి నిద్ర లేదు, ఒళ్లంతా చెమట. రెండో రోజు తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. మూడో రోజు దుప్పటి మీద లేని చీమలను ఒక్కొక్కటీ ఏరి కింద పడేస్తున్నాడు, గుమ్మంలో ఎవరో నిలబడ్డారని వాళ్లతో మాట్లాడుతున్నాడు. "మొన్నటి దాకా మంచిగనే ఉండె బిడ్డా, నది కాడ గాలి తాకింది" అంది వాళ్లమ్మ. బాణామతి అన్నారు పక్కింటివాళ్లు. భూతవైద్యుడు వచ్చాడు, వేపమండలతో కొట్టాడు. మా దగ్గరికి తెచ్చేసరికి నాలుగో రోజు.

ఆ చీమలకు, గాలికి సంబంధం లేదు. ఏళ్ల తరబడి మందు మెదడును మత్తులో అణచిపెడుతుంటే, దాన్ని తట్టుకోవడానికి మెదడు తన వేగం పెంచుకుంటుంది. మందు ఒక్కసారి ఆపితే అణిచే చెయ్యి పోతుంది, వేగం మాత్రం అలాగే ఉంటుంది. ఫిట్స్ ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో వస్తాయి. రెండో రోజు దాటి నాలుగో రోజు లోపల కొందరికి మతి తప్పి లేనివి కనిపిస్తాయి, జ్వరం, గుండెదడ వస్తాయి. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ఆసుపత్రిలో చేరిస్తే వణుకు ఆపే మాత్రలు మొదట ఎక్కువ మోతాదులో ఇచ్చి, వారం పది రోజుల్లో తగ్గించుకుంటూ ఆపేస్తారు. వాటితోపాటు బి1 విటమిన్ ఇంజెక్షన్. "ముందు గ్లూకోజ్ ఎక్కించండి సారూ" అని డాక్టర్ మీద పడేవాళ్లకు ఒక మాట. సరిగ్గా తినకుండా తాగే మనిషికి బి1 లేకుండా ఉత్త గ్లూకోజ్ పెడితే మెదడుకే దెబ్బ తగలొచ్చు.

అందుకని ఇంట్లోవాళ్లు ముందుగా చూసుకోవాల్సినవి రెండు. పొద్దున తాగకముందు చెయ్యి వణుకుతుందా? ఇదివరకు ఆపినప్పుడు ఫిట్స్ వచ్చాయా? ఏ ఒక్కదానికి అవునన్నా, ఒట్టు వేయించే ముందు డాక్టర్‌ను కలవండి. భూతం వదిలిస్తామని గొలుసులతో కట్టేయడం, కొట్టడం 2013 నాటి మహారాష్ట్ర చట్టం కింద నేరం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా రోగిని గొలుసులతో కట్టొద్దని సూటిగా చెబుతుంది.

అపోహ: "కల్లు చెట్టు నుంచి వచ్చేదే, దానితో ఏం కాదు."

చెట్టు నుంచి కుండలోకి వచ్చేదాకా నిజమే. ఆ తర్వాత అందులో ఆల్ప్రజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలుస్తున్నాయని కేసులు ఎన్నిసార్లు పట్టుబడలేదు! 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఆసుపత్రులకు జనం పిచ్చిచూపులతో, ఫిట్స్‌తో వచ్చిపడ్డారు. వాళ్లలో చాలామంది తమకు అలవాటైంది కల్లే అనుకున్నారు.

అపోహ: "తాగుడు మాన్పించే పొడిని కూరలో కలిపి పెడితే తెలియకుండా మానేస్తాడు."

గోడల మీద ఈ ప్రకటన చూసి నాకు ఫోన్ చేసేది తల్లులు, భార్యలు. వాళ్ల మీద కోపం రాదు, అన్ని దారులూ అయిపోయాకే ఈ దారికి వస్తారు. ఆ పొట్లంలో ఏముందో ఎవరికీ తెలియదు. కొందరైతే మెడికల్ షాపులో డైసల్ఫిరమ్ మాత్ర కొని పప్పులో కలుపుతారు. అది నిజమైన మందే, కానీ రోగికి చెప్పి, ఒప్పించి ఇవ్వాల్సిన మందు. విషయం తెలియక పైన తాగాడంటే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి కుప్పకూలవచ్చు.

అపోహ: "ఖర్రా మత్తు కాదు."

పొగాకు, వక్క, సున్నం కలిపి రుద్దేదే ఖర్రా. పొగాకుతోనూ క్యాన్సర్ వస్తుంది, ఉత్త వక్కతోనూ వస్తుంది. నోరు సరిగ్గా తెరుచుకుంటోందో లేదో మూడు వేళ్లు నిలువుగా నోట్లో పెట్టి చూసుకోండి, పట్టకపోతే దంతాల డాక్టర్‌కు చూపించండి.

అపోహ: "చావబోయాడని చెబితే పోలీసు కేసు అవుతుంది."

ఈ భయంతోనే పురుగుల మందు తాగిన మనిషిని తెచ్చి "నీళ్లనుకుని తాగిండు" అంటారు. మరుసటి రోజు మేం వెళ్లి అడిగినా అదే మాట. 2017 మానసిక ఆరోగ్య చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి, శిక్షించకూడదు. వైద్యం చేయించి బాగుచేసే బాధ్యత ప్రభుత్వానిది. చావబోవడాన్ని నేరంగా చూసిన పాత 309వ సెక్షన్, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త న్యాయ సంహితలో లేనే లేదు. ఆసుపత్రిలో పోలీసులకు సమాచారం ఇచ్చి కాగితం రాస్తారు, దాన్ని చూసి కంగారు పడొద్దు. మాట్లాడటానికి మనిషి కావాలంటే టెలిమానస్ ఫోన్ హెల్ప్‌లైన్ 14416 ఉంది, రాత్రీపగలూ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు. మహారాష్ట్రలో ఉన్నాం కదా అని మరాఠీలో తంటాలు పడనక్కర్లేదు, భాషల్లో తెలుగు కూడా ఉంది.

అపోహ: "మాల వేస్తే 41 రోజులు ముట్టడు. అంటే కావాలనే తాగుతున్నట్టు."

ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ 41 రోజులు ఏం జరుగుతుందో చూడండి. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, పూటకు పూజ, పక్కన పదిమంది స్వాములు. నిన్నటి దాకా తాగుబోతన్న ఊరే "స్వామీ" అని పిలిచి దారి ఇస్తుంది. పాత జతగాళ్లు దగ్గరికి రారు. మేం క్లినిక్‌లో నెలల తరబడి కట్టాలని చూసే ఏర్పాటు అదే, ఊరు ఒక్కరోజులో కట్టేస్తుంది. మాల తీసిన రోజు మళ్లీ ఒక్కరోజులోనే విప్పేస్తుంది. సాయంత్రానికి వంతెన అవతల పార్టీ.

ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. రోజూ పొద్దున తాగేవాడు మాల వేసిన మూడో రోజు చీమలు ఏరడం మొదలుపెడితే, స్వామి పూనాడని దండం పెట్టేవాళ్లున్నారు. అందుకే ఈసారి కార్తీకానికి ముందే ముగ్గురు గురుస్వాముల దగ్గరికి వెళ్లాను. అలాంటివాళ్లను మాలకు పది రోజుల ముందు దవాఖానకు పంపమని, మాల తీసే రోజు నాకో ఫోన్ చేయమని అడిగాను. ఇద్దరు ఒప్పుకున్నారు. మూడో ఆయన "స్వామి చూసుకుంటడు బిడ్డా" అన్నారు. వచ్చే వారం మళ్లీ వెళ్తున్నాను.